చీనీ, నిమ్మ తోటల వైరస్‌లు: రేణువు ఆకారం చూస్తే వర్గం తెలుస్తుందా?

చీనీ, నిమ్మ చెట్లకు సోకే వైరస్‌లన్నీ ఒకే జాతివా, రేణువు ఆకారాన్ని బట్టి కుటుంబం చెప్పవచ్చా అని మీరు తెగుళ్ల జాబితా ఒకటి ఇచ్చి అడిగారు. ఆకారంతో సగమే తేలుతుంది. మిగతాది లోపలి జన్యుపదార్థం (ఆర్‌ఎన్‌ఏనా, డీఎన్‌ఏనా అన్నది) తేల్చాలి. తెగుళ్ల విభాగంలో చదివేటప్పుడు ఈ ఆకుల నమూనాలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూసిన అనుభవంతో రాస్తున్నాను.

ట్రిస్టెజా అనే వైరస్ తెగులు సోకిన నిమ్మ లేత ఆకును వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే ఈనెలు అక్కడక్కడ పారదర్శకంగా కనిపిస్తాయి. అలాంటి ఆకు రసాన్ని గ్రిడ్డు (మైక్రోస్కోపులో నమూనాను పెట్టే చిన్న జల్లెడ బిళ్ల) మీద వేసి, యురానిల్ ఎసిటేట్‌తో రంజనం చేసి చూస్తే ఉడికిన సేమ్యాలాగా వంకరలు తిరిగిన దారాలు కనిపించేవి. వాటి పొడవు సుమారు 2000 నానోమీటర్లు, మందం 10 నుంచి 12 మాత్రమే. అందువల్ల నమూనా సిద్ధం చేసేటప్పుడే చాలా మటుకు విరిగిపోతాయి, నిండు పొడవున్న దారం కోసం గ్రిడ్డంతా గాలించవలసి వచ్చేది. లోపల సుమారు 19,300 న్యూక్లియోటైడ్ల ఒంటిపోగు ఆర్‌ఎన్‌ఏ ఉంటుంది. తొడుగులో రెండు ప్రోటీన్లుంటాయి: ఒకటి దాదాపు దారమంతటినీ కప్పితే, రెండోది ఒక కొసకే పరిమితం. ఇది క్లోస్టెరోవిరిడే కుటుంబంలోని క్లోస్టెరోవైరస్ ప్రజాతికి చెందుతుంది.

ఇండియన్ సిట్రస్ రింగ్‌స్పాట్ వైరస్ కూడా వంగే దారమే గాని, పొడవు 650 నానోమీటర్లే. దాని కుటుంబం ఆల్ఫాఫ్లెక్సివిరిడే.

ఆకారాన్నే నమ్ముకుంటే అసలు పొరపాటు జరిగేది చీనీ మొజాయిక్ దగ్గర. మన సాత్‌గుడి తోటల్లో కనిపించే ఈ తెగులు వైరస్ రేణువులు కొసలు గుండ్రంగా ఉన్న పొట్టి కడ్డీలు. దక్షిణ అమెరికాలో ఈ జాతి చెట్లకు లెప్రోసిస్ అనే తెగులు కలిగించే సైలీవైరస్ రేణువులు కూడా పొట్టి కడ్డీలే, కాకపోతే కొంచెం లావు. అయితే సైలీవైరస్‌లో రెండు ఆర్‌ఎన్‌ఏ ముక్కలుంటాయి, కుటుంబం కిటావిరిడే. మొజాయిక్ వైరస్‌లో సుమారు 7,500 బేస్ జతల వలయాకార జంటపోగు డీఎన్‌ఏ ఉంటుంది. అది కాలిమోవిరిడే కుటుంబంలోని బాడ్నావైరస్.

ఈ తేడా పరీక్షలోనూ బయటపడుతుంది. ట్రిస్టెజా నమూనాలో ఆర్‌ఎన్‌ఏను ముందుగా డీఎన్‌ఏగా మార్చుకుంటే తప్ప పీసీఆర్ (డీఎన్‌ఏ నకళ్లు పెంచి గుర్తించే పరీక్ష) నడవదు, మొజాయిక్‌కు ఆ మెట్టు అక్కర్లేదు. వాహకాలూ వేరే: మొదటిదాన్ని పేనుబంక, రెండోదాన్ని పిండినల్లి మోస్తాయి. అంటుపుల్ల ద్వారా మాత్రం రెండూ వ్యాపిస్తాయి.

మీరు జాబితాలో చేర్చిన ఎక్సోకార్టిస్ తెగులుకు కారణం వైరాయిడ్, అంటే ఒట్టి చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్క. దానికి తొడుగే లేదు కాబట్టి రేణువు ఆకారమనే ప్రశ్నే రాదు. గ్రీనింగ్ తెగులు బాక్టీరియా వల్ల వచ్చేది, దాన్ని ఈ జాబితా నుంచి తీసేయండి.