నట్టు తిరగనంటే, స్టడ్డు విరిగితే

బండి ప్రశ్నలు – జవాబులు

ఈసారి ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్ మీద వచ్చిన ఉత్తరాలన్నీ ఒకచోట చేర్చాం. ఇంజన్ హెడ్డుకీ (సిలిండర్ల పైభాగం) సైలెన్సర్ పైపుకీ మధ్యన ఉండి, సిలిండర్ల పొగను ఒకచోట చేర్చి పైపులోకి పంపే ఆ ఇనుప భాగం పని చెప్పుకోవడానికి చిన్నదే. దాన్ని విప్పడమే పెద్ద పని.

పదకొండేళ్ల పెట్రోలు కారు. పొద్దున స్టార్ట్ చేయగానే టిక్కు టిక్కుమంటుంది, అయిదు నిమిషాలకు ఆగిపోతుంది. వాల్వ్ శబ్దమని ఒకరు, మేనిఫోల్డ్ లీకని ఇంకొకరు అంటున్నారు. – తాడిపత్రి పాఠకుడు

రెండో ఆయన మాటే నిజం కావచ్చు. ఆయిల్ అందక వచ్చే వాల్వ్ శబ్దం చాలా బండ్లలో కొన్ని క్షణాల్లో సర్దుకుంటుంది. మేనిఫోల్డ్ వేడెక్కి, సాగి, సందు మూసుకోవడానికి మాత్రం నిమిషాలు పడుతుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు హీట్ షీల్డ్ (వేడి అడ్డుకునే రేకు) తీసి, హెడ్డు మీద మేనిఫోల్డ్ అతికే చోట టార్చి వేసి చూడండి. లీకు ఉన్నచోట నల్లటి మసి విసనకర్రలా పరుచుకుని ఉంటుంది. మొదటి సిలిండర్ దగ్గరా చివరి సిలిండర్ దగ్గరా తప్పక చూడండి. నట్టు ఉండాల్సిన చోట ఖాళీ కనబడితే స్టడ్డు (హెడ్డులోకి దిగి ఉండే, నట్టు ఎక్కే మరల కడ్డీ) ఎప్పుడో తెగిపోయిందన్నమాట.

చివరివే ఎందుకు తెగుతాయంటే, లెక్క ఇదీ. మేనిఫోల్డ్ పోత ఇనుము, పొడవు సుమారు 400 మిల్లీమీటర్లు అనుకోండి. బండిని గట్టిగా లాగినప్పుడు అది 600 డిగ్రీలకు చేరితే రెండున్నర మిల్లీమీటర్ల దాకా సాగుతుంది. హెడ్డు అల్యూమినియం. మామూలుగా ఎక్కువ సాగే లోహమే అయినా లోపల నీళ్లు తిరుగుతుంటాయి కాబట్టి 90 డిగ్రీల దగ్గరే ఆగుతుంది, సాగేది అర మిల్లీమీటరు చిల్లర. తేడా రెండు మిల్లీమీటర్లు, అంటే అటొకటి ఇటొకటి. ఆ జరుగుడంతా చివరి స్టడ్లే భరించాలి. మేనిఫోల్డ్ చివరి రంధ్రాలు కాస్త వెడల్పుగా ఉండేది ఇందుకే. నట్టును అతిగా బిగిస్తే ఆ వెసులుబాటు పోతుంది.

లీకు చిన్నదే కదా అని తిరగకండి. పొగలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచే సెన్సార్‌కు ముందు సందుంటే బయటి గాలి లోపలికి దూరుతుంది. పెట్రోలు తక్కువైందని ఇంజన్ కంప్యూటర్ పొరబడి ఎక్కువ పోస్తుంది, మైలేజీ పడిపోతుంది. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ఏసీ గాలితో కలిసి లోపలికి వస్తే అది ప్రాణాల మీదికి వచ్చే సంగతి.

అనంతపురంలో వానలే తక్కువ, సముద్రం దరిదాపుల్లో లేదు. అయినా ఈ నట్లు ఎందుకు పట్టేస్తాయి? – అనంతపురం పాఠకుడు

ఏడాదికి 550 మిల్లీమీటర్ల చిల్లర వాన పడే జిల్లాలో అడగాల్సిన ప్రశ్నే. ఇక్కడ పట్టేసేది వాన తుప్పు ఒక్కటే కాదు. ఇనుము పదేపదే ఎర్రగా కాగి చల్లారితే పైన పొలుసు కడుతుంది. ఆ పొలుసు మరల మధ్య ఇరుక్కుంటుంది, నట్టూ స్టడ్డూ ఒకే ముద్దవుతాయి. వాల్వ్ కవర్ నుంచి కారిన ఆయిల్ దుమ్ముతో కలిసి కాలితే ఇంకో పూత. దీనికి తోడు వాటర్ సర్వీసులో కాగిన ఇంజన్ మీద నీళ్లు కొట్టించే అలవాటు ఒకటి. నీళ్లు మరల్లోకి దిగుతాయి, పోత ఇనుము చీలినా చీలుతుంది. నెల్లూరు, చెన్నై వైపు తిరిగిన సెకండ్ హ్యాండ్ బండి అయితే మాత్రం ఉప్పు తుప్పు కూడా ఉందనుకునే మొదలుపెట్టండి.

నాలుగు సిలిండర్ల కారు. మేనిఫోల్డ్ ప్యాకింగ్ (హెడ్డుకూ దానికీ మధ్య వేసే గ్యాస్కెట్) మార్చాలి. స్టడ్లు విరగకుండా నట్లు విప్పడం ఎలా? – ప్రొద్దుటూరు పాఠకుడు

చిన్న కార్లలో ఈ స్టడ్లు ఎక్కువగా ఎం8 (8 మిల్లీమీటర్ల లావు), మరల మధ్య దూరం 1.25 మిల్లీమీటర్లు, నట్టుకు 12 లేదా 13 పానా. కొత్త 8.8 గ్రేడ్ (ఉక్కు గట్టిదనానికి గుర్తు) ఎం8 స్టడ్డే 35 న్యూటన్ మీటర్ల (మెలిపెట్టే బలానికి కొలత) దరిదాపుల్లో మెలితిరిగి తెగుతుంది. అడుగు పొడవు రాడ్డు చివర పన్నెండు కిలోల బలంతో లాగితే అంతే. పానాకు రెండడుగుల పైపు తొడిగితే ఆరు కిలోలు చాలు, చిన్నపిల్లాడు కూడా విరగ్గొట్టగలడు. కాబట్టి పైపు పక్కన పెట్టండి. ఈ పనికి కావాల్సింది ఒక రాత్రి టైము.

సాయంత్రం ఇంజన్ చేయి పెట్టగలిగేంత గోరువెచ్చగా ఉన్నప్పుడు బ్యాటరీ నెగెటివ్ తీసేయండి. నట్టు బయట కనబడే మరలను వైరు బ్రష్‌తో శుభ్రంగా గీకండి. ఈ పని వదిలేసేవాళ్లే ఎక్కువ. ఆ పొలుసు మీదుగా నట్టు బయటికి రావాలంటే మధ్యలో బిగుసుకుంటుంది. తర్వాత తుప్పు వదిలించే స్ప్రే కొట్టండి. అది దొరక్కపోతే ఆటోమేటిక్ గేర్ ఆయిల్, అసిటోన్ సమపాళ్లలో కలిపి వాడొచ్చు. రెండూ విడిపోతాయి కాబట్టి ప్రతిసారీ కుదపాలి. అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది కాబట్టి దగ్గర్లో నిప్పు ఉండకూడదు. రెండు గంటలకోసారి మూడు నాలుగు సార్లు వేసి రాత్రంతా వదిలేయండి. కిరోసిన్ కూడా పాకుతుంది గానీ దాని పని నెమ్మది.

పొద్దున ఆరు మూలల సాకెట్ తీసుకోండి. పన్నెండు మూలలది ఈ పనికి వద్దు, నట్టు మూలలు తినేస్తుంది. సాకెట్‌ను నట్టుకు పూర్తిగా దిగేసి, ఎక్స్‌టెన్షన్ వెనక నుంచి అరకిలో సుత్తితో నాలుగైదు దెబ్బలు వేయండి, పొలుసు పగులుతుంది. ఆ తర్వాత ముందుగా బిగించే వైపు రవ్వంత తిప్పాలి. కిర్రుమని కదిలిందా, ఇక విప్పే వైపు పావు చుట్టు. మళ్లీ ఆయిల్, అందులో సగం వెనక్కి, మళ్లీ పావు. చివరి నట్లతో మొదలుపెట్టి మధ్యకు రండి. పానా తిరుగుతోంది గానీ చేతికి రబ్బరు మెలిపెట్టినట్టు మెత్తగా తగులుతోందంటే తిరుగుతున్నది నట్టు కాదు, మెలితిరుగుతున్న స్టడ్డు. అక్కడే ఆపేయండి.

అప్పుడు మంట. మొదట చుట్టూ ఉన్న ఆయిల్ తుడవండి, సెన్సార్ వైరూ పెట్రోలు పైపూ తడిగుడ్డతో కప్పండి, మంటలార్పే సిలిండర్ చేతికందేలా ఉంచండి. గ్యాస్ మంట సన్నగా చేసి నట్టుకే తగిలించండి, స్టడ్డుకు కాదు. నట్టు సాగితే పట్టు వదులుతుంది. మసకగా ఎర్రబారితే చాలు. హెడ్డు వైపు మంట పోనివ్వకండి: అల్యూమినియం ఎర్రబారి హెచ్చరించదు, 600 డిగ్రీలు దాటే లోపే ఉన్నట్టుండి జారిపోతుంది. ఎరుపు తగ్గాక కొవ్వొత్తి ముక్క ఆనిస్తే మైనం కరిగి మరల్లోకి పాకుతుంది. ఆ వేడిలోనే విప్పండి. నట్టుతో పాటు స్టడ్డే మొత్తంగా ఊడి వచ్చినా నష్టం లేదు.

ఒక్క హెచ్చరిక గట్టిగా చెప్పాలి. బ్రేక్ క్లీనర్‌తో కడిగిన చోట మంట గానీ వెల్డింగ్ గానీ వద్దు. క్లోరిన్ రకం క్లీనర్ ఆ వేడికి ఫాస్జీన్ అనే విషవాయువు అవుతుంది. డబ్బా మీద క్లోరినేటెడ్ అని ఉందో లేదో చూసి కొనండి.

రెండు నట్లు గుండ్రమైపోయాయి, సాకెట్ జారుతోంది. – డోన్ పాఠకుడు

నట్టు 13 అయితే 12 ఆరు మూలల సాకెట్‌ను సుత్తితో కొట్టి దిగేయండి. లోపల మెలి పళ్లుండే ఎక్స్‌ట్రాక్టర్ సాకెట్ దొరికితే ఇంకా మేలు. రెండూ పట్టకపోతే చిన్న గ్రైండర్‌తో నట్టుకు ఒకవైపు స్టడ్డు మరల దాకా గాటు పెట్టి, ఉలి ఆనించి ఒక దెబ్బ వేయండి, నట్టు విచ్చుకుంటుంది. వైస్ గ్రిప్ (బిగించి లాక్ చేసే పట్టకారు) ఆఖరి మాట. అది జారితే పట్టుకోవడానికి ఇంకేమీ మిగలదు.

చివరి స్టడ్డు విరిగింది. హెడ్డు నుంచి ఒక మర మాత్రమే బయటికి కనిపిస్తోంది. హెడ్డు దించక తప్పదా? – ఆదోని పాఠకుడు

వెంటనే దించకండి. ముందు వెల్డింగ్ ప్రయత్నించాలి. హెడ్డు అల్యూమినియం అయితే ఇనుప వెల్డు దానికి అతకదు, ఇది మనకు కలిసొచ్చే విషయం. పాత అంబాసిడర్ లాంటి బండ్లలో హెడ్డు కూడా ఇనుమే, అక్కడ వెల్డు పక్కకు పారకుండా చూడాలి. బ్యాటరీ రెండు వైర్లూ, ఆల్టర్నేటర్ వైరూ, ఇంజన్ కంప్యూటర్ సాకెట్టూ విప్పండి. విరిగిన మొహం మెరిసేలా గీకి, దాని మీద వాషర్ పెట్టి, మిగ్ వెల్డింగ్‌తో వాషర్ రంధ్రంలోంచి స్టడ్డుకు అతికించండి. దాని మీద ఎం10 నట్టు పెట్టి లోపల నింపండి. రెండూ పూత లేని నల్ల ఇనుమువి కావాలి. జింక్ పూత కాలితే ఆ పొగకు జ్వరం వస్తుంది, వెల్డు కూడా గుల్లబారుతుంది. ఎరుపు పోయాక మైనం ఆనించి అటూ ఇటూ చిన్నగా ఊపండి. మొదటి నట్టు ఊడిపోతే కంగారు వద్దు, ఇంకోటి వేయండి. ప్రతి వెల్డుతో స్టడ్డు లోపలి దాకా కాగి చల్లారుతుంది, సగం పని ఆ వేడే చేస్తుంది.

అదీ కుదరకపోతే డ్రిల్లు. ఇక్కడ పోయేదంతా నడిమి తప్పడం వల్లే. స్టడ్డు గట్టిది, పక్కన అల్యూమినియం మెత్తది కాబట్టి బిట్టు మెత్తటి వైపుకే జారుతుంది. లేత్ షాపులో ఒక బుష్ చేయించండి: బయటి కొలత మేనిఫోల్డ్ రంధ్రానికి బిగుతుగా, లోపల 3 మిల్లీమీటర్లు. మేనిఫోల్డ్‌ను మంచిగా ఉన్న స్టడ్లకు బిగించి, విరిగిన చోట బుష్ దూర్చి అందులోంచి బిట్టు పంపితే నడిమిలోనే దిగుతుంది. ఎడమ చుట్టు బిట్లు దొరికితే అవే వాడండి, తొలిచేటప్పుడే స్టడ్డు ముక్క తిరిగి బయటికి రావచ్చు. నెమ్మది స్పీడు, కటింగ్ ఆయిల్, 3 తర్వాత 4.5, తర్వాత 6. చివరికి 6.8 దాకా సరిగ్గా నడిమిలో వస్తే మిగిలేది సన్నటి మర చుట్టే, సూదిమొన పనిముట్టుతో లాగేయొచ్చు.

మర పాడైతే 8.3 లేదా 8.4 మిల్లీమీటర్లకు తొలిచి, హెలికాయిల్ (పాడైన మరకు బదులు దింపే తీగ చుట్ట) సెట్టులోని ప్రత్యేక ట్యాపుతో మర కోసి, 12 లేదా 16 మిల్లీమీటర్ల ఇన్సర్ట్ దిగేయండి. కొన్ని ఇంజన్లలో ఈ రంధ్రాలు నీటి గదిలోకి తెరుచుకుంటాయి. పని మొదలుపెట్టే ముందు కూలెంట్ దించుకోండి. ఆ రంధ్రాల్లో స్టడ్డు వేసేటప్పుడు మరలకు వేడి తట్టుకునే సీలెంట్ పూయాలి.

ఈజీ అవుట్ (విరిగిన స్టడ్డుకు రంధ్రం చేసి, అందులో దింపి తిప్పే పనిముట్టు) వాడితే అదే లోపల విరిగింది. – కదిరి పాఠకుడు

కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడింది. వేడితో పట్టేసిన స్టడ్డుకు ఈజీ అవుట్ పనికిరాదని మా అభిప్రాయం: నిండు స్టడ్డే తెగిన బలానికి, దాని లోపల పెట్టిన సన్న ముక్క ఆగుతుందా? అది బాగా గట్టిపరచిన ఉక్కు, మామూలు డ్రిల్ బిట్టు గీత కూడా పెట్టలేదు. కళ్లద్దాలు పెట్టుకుని సన్న పంచ్‌తో కొట్టి చూడండి, పెళుసు కాబట్టి ముక్కలు కావచ్చు. లేదంటే డై గ్రైండర్‌కు కార్బైడ్ బర్ పెట్టి కొద్దికొద్దిగా అరగదీయాలి. ఆ తర్వాత మిగిలింది స్పార్క్ ఎరోజన్ (కరెంటు నిప్పురవ్వలతో లోహాన్ని తొలిచే) మెషీన్. దానికి హెడ్డు దించి బెంగళూరు పంపాల్సి రావచ్చు.

కొత్త స్టడ్లకు బదులు బజారు బోల్టులు వేయొచ్చా? ఎంత బిగించాలి? – కడప పాఠకుడు

వద్దు. కంపెనీ స్టడ్డు వేడికి తగ్గట్టు చేసినది, మామూలు బోల్టు కాగితే మెత్తబడి సాగుతుంది, మళ్లీ లీకు. స్టీలు మెరుస్తుంది కదా అని స్టెయిన్‌లెస్ స్టడ్డు మీద స్టెయిన్‌లెస్ నట్టు వేయకండి, ఒకదాన్నొకటి కొరికి పట్టేస్తాయి. నట్లు రాగి పూతవి గానీ ఇత్తడివి గానీ మంచివి, ఎప్పుడూ కొత్తవే.

బిగించే ముందు మేనిఫోల్డ్ మొహానికి ఇనుప స్కేలు ఆనించి ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచని రేకులు) పెట్టి చూడండి. 0.15 మిల్లీమీటర్ల రేకు దూరుతుంటే లేత్‌లో చదును చేయించండి, ప్యాకింగ్ ఒక్కటే ఆ వంకర కప్పలేదు. ప్యాకింగ్‌కు సిలికాన్ పూయకండి, ఈ వేడికి బూడిదవుతుంది. నట్టు మరలకు నికెల్ లేదా రాగి యాంటీ సీజ్ (మరలు పట్టేయకుండా పూసే ముద్ద) పలుచగా పూయండి. ఎం8కు మామూలుగా 20 నుంచి 25 న్యూటన్ మీటర్లు. మీ బండి మాన్యువల్లో వేరే అంకె ఉంటే అదే పాటించండి. ఆ అంకె పొడి మరలకు చెప్పినదైతే, యాంటీ సీజ్ పూశాక అయిదో వంతు తగ్గించండి. మధ్య నట్టు నుంచి బయటికి, రెండు విడతల్లో బిగించాలి. నాలుగైదు రోజులు తిరిగాక, మాన్యువల్ వద్దనకపోతే, ఇంజన్ పూర్తిగా చల్లారి ఉన్నప్పుడు టార్క్ పానాతో అదే అంకెకు ఒకసారి సరిచూడండి.