నాన్నగారి పాత స్కూటర్ రిజిస్ట్రేషన్: సమాధానం

కాలం చేసిన మీ నాన్నగారి పేరున ఉన్న 2008 నాటి స్కూటర్‌ను మీ పేరుకు మార్చుకుని నడపవచ్చా అని అడిగారు. తప్పకుండా నడపవచ్చు, తుక్కుకు మాత్రం ఇవ్వకండి. వారసులకు బదిలీ ఫారం 31తో జరుగుతుంది. మరణ ధ్రువపత్రం, మీ అమ్మగారి, తోబుట్టువుల అంగీకార పత్రం సిద్ధం చేసుకోండి. 15 ఏళ్లు దాటింది కాబట్టి రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు ఫారం 25 కూడా కావాలి. ఆ రెన్యువల్ ఐదేళ్లు చెల్లుతుంది. బీమా, కాలుష్య ధ్రువపత్రం ముందే తీసుకోండి.

అసలు చిక్కు ఛాసిస్ నంబరు (బండి చట్రం మీద చెక్కి ఉండే గుర్తింపు సంఖ్య) దగ్గర వస్తుంది. మా బండికి తుప్పు పట్టి ఒక అంకె కనబడక రవాణా శాఖ ఇన్‌స్పెక్టర్ వెనక్కి పంపారు. కిరోసిన్ గుడ్డతో మెల్లగా తుడిచి, పలుచని కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అంకెలన్నీ తేలాయి. ఉప్పుకాగితంతో మాత్రం గీకకండి, అంకె అరిగితే బండి మీదేనని నిరూపించడం చాలా కష్టం.