మా వాడు రాత్రంతా వీపీఎన్ అంటున్నాడు, దారి తప్పుతున్నాడా?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ సీఎస్‌ఈ మూడో ఏడాది. రాత్రి రెండింటి దాకా ల్యాప్‌టాప్ వదలడు. అడిగితే ‘కంటైనర్‌లో వీపీఎన్ నడుపుతున్నా’ అంటాడు. తప్పుడు పనేమోనని టెన్షన్‌గా ఉంది. చదువు మీదికి మళ్లించడానికి మూడు నెలల డెవాప్స్ కోర్సులో చేర్పించమని కొందరు, సైబర్ సెక్యూరిటీ అని కొందరు చెబుతున్నారు. ఏది మంచిది?
– ఒక తండ్రి, రాజమండ్రి

జవాబు: వీపీఎన్ అంటే మన నెట్ ట్రాఫిక్‌ని గుప్తంగా వేరే సర్వర్ మీదుగా పంపే దారి. ఆ పేరు వినగానే పిల్లాడు ఏదో దాస్తున్నాడని మీకు అనిపించింది. ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. మన దేశంలో వీపీఎన్ వాడటం నేరం కాదండీ. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాలు కూడా, వినియోగదారుల వివరాలు ఐదేళ్లు ఉంచాలని వీపీఎన్ కంపెనీలకు చెప్పినవే. ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగుల్లో చాలామంది పొద్దున్నే ముందు కనెక్ట్ అయ్యేది ఆఫీసు వీపీఎన్‌కే.

మీ వాడు చేస్తున్నది చిన్న పనేమీ కాదు. ల్యాప్‌టాప్ మొత్తాన్ని కాకుండా, ఒక్క డాకర్ కంటైనర్‌లోని (ప్రోగ్రామ్‌ని మిగతావాటి నుంచి వేరుచేసి నడిపే గది లాంటిది) ట్రాఫిక్‌నే వీపీఎన్ టన్నెల్‌లోంచి, అంటే ఆ గుప్త దారిలోంచి పంపాలి. మామూలుగా కంటైనర్‌కి నెట్‌వర్క్ దారులు మార్చే అధికారం ఉండదు. నెట్ అడ్మిన్ అనే అనుమతి ఇవ్వాలి, ఓపెన్‌వీపీఎన్ అనే సాఫ్ట్‌వేర్ అయితే టన్ డివైస్ (టన్నెల్ కోసం వాడే ఊహా నెట్‌వర్క్ కార్డు) కూడా అందించాలి. అది తెలియనివాళ్లు ‘ప్రివిలేజ్డ్’ అని పెట్టి అన్ని అధికారాలూ ఇచ్చేస్తారు. కుళాయి బాగుచేయడానికి వచ్చినవాడికి బీరువా తాళాలు ఇచ్చినట్టు.

వైర్‌గార్డ్ అనే మరో వీపీఎన్, 2020 మార్చిలో వచ్చిన 5.6 వెర్షన్ నుంచి లినక్స్ కెర్నల్‌లోనే (ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ) ఉంది. కంటైనర్‌కి సొంత కెర్నల్ ఉండదు కాబట్టి, ఆ మాడ్యూల్ అసలు మెషిన్‌లో ఉండాలి. ఇది తట్టక కంటైనర్‌లో ప్యాకేజీ మళ్లీ మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తూ కూర్చునేవాళ్లున్నారు. అంతా కుదిరిందనుకుంటే డీఎన్‌ఎస్ ప్రశ్నలు (సైట్ పేరుకి అడ్రస్ అడిగేవి) టన్నెల్ బయట నుంచి పోతుంటాయి. వీపీఎన్ కంటైనర్ నెట్‌వర్క్‌నే వాడుకునే రెండో కంటైనర్ ఉంటే, మొదటిది రీస్టార్ట్ కాగానే రెండోదానికి నెట్ పోతుంది. రాత్రి రెండయ్యేది ఇక్కడే.

ఇక డెవాప్స్ కోర్సు, అంటే సాఫ్ట్‌వేర్‌ని సర్వర్ల మీద పెట్టి నడిపే పని నేర్పేది. నాకు దీని మీద మొదటి నుంచీ అనుమానమే. సిస్టమ్స్ నడిపి, అవి పడిపోతే లేపినవాళ్లకు వచ్చే పనితనం అది. మూడు నెలల్లో డాకర్, కుబెర్నెటిస్, జెన్‌కిన్స్, టెర్రాఫామ్ లాంటి టూల్స్ అన్నీ తిప్పితే పేర్లు మాత్రం వస్తాయి. ఆ పేర్లన్నీ రాసుకున్న రెజ్యూమెలు ఎన్నో చూశాను. ‘వీపీఎన్ కనెక్ట్ కాగానే రౌటింగ్ టేబుల్‌లో (ట్రాఫిక్ ఏ దారిన పోవాలో చెప్పే పట్టిక) ఏం మారింది?’ అంటే జవాబు రాదు. మీ వాడు చెప్పగలడేమో. సైబర్ సెక్యూరిటీకీ పునాది అదే లినక్స్, అదే నెట్‌వర్కింగ్. డబ్బు పెట్టాలనే ఉంటే సీసీఎన్‌ఏ (సిస్కో కంపెనీ ఇచ్చే నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్) స్థాయి నెట్‌వర్కింగ్‌కి పెట్టండి. రెండింటిలో ఏది అన్నది ఇప్పుడే తేల్చక్కర్లేదు.

ఒక మాట గట్టిగానే అంటాను, ఏమీ అనుకోకండి. కోర్సు గురించి అందరినీ అడిగారు. ‘ఏం చేస్తున్నావురా, నాకు చూపించు’ అని వాడి పక్కన ఒక్క పూటైనా కూర్చున్నారా? ఎవరి మీదా ఆధారపడకుండా నేర్చుకుంటున్న పిల్లాణ్ని దొంగలా చూస్తే, రేపు నిజంగానే మీ దగ్గర దాస్తాడు. బ్యాక్‌లాగ్‌లు ఉన్నాయా, నిద్ర సరిపోతోందా, అవి అడగండి. కాలేజీ నెట్‌వర్క్‌లో మాత్రం అనుమతి లేకుండా ఇవి ప్రయత్నించొద్దని చెప్పండి.

ఈ ఆదివారం వాడి దగ్గర కూర్చుని, ‘టన్నెల్ తెగితే రెండో కంటైనర్‌లో నెట్ ఆగిపోతుందా, లేక మామూలు దారిలో బయటికి పోతుందా?’ అని అడగండి. ఆగిపోయేలా చేసి ఉంటే, ఎక్కడెక్కడ చిక్కుకున్నాడో కూడా రాసి గిట్‌హబ్‌లో (కోడ్ అందరికీ చూపించే సైట్) పెట్టమనండి. ఇంటర్వ్యూలో గంటసేపు మాట్లాడేంత సరుకు అందులో ఉంది. పెట్టేముందు కాన్ఫిగ్ (సెట్టింగ్స్) ఫైల్‌లోంచి, రహస్య తాళంచెవి లాంటి ప్రైవేట్ కీ తీసేయాలి, ఈ ఒక్కటీ మరిచిపోవద్దనండి.