ఎలాస్మోసారస్ పాత సినిమాల్లోలా మెడ పైకెత్తి మనుషుల్ని పట్టేదా? అది డైనోసారేనా?

రెండూ కాదు. అది సుమారు 8 కోట్ల ఏళ్ల కిందటి సముద్రపు సరీసృపం. అప్పటికి మనుషులే లేరు. 1957లో వచ్చిన ‘ద ల్యాండ్ అన్‌నోన్’ సినిమాలో పడవ మీదికొచ్చే రాక్షసి ఇదే.

దాని మెడలో 72 ఎముకలున్నాయి. వాటి మధ్య కదలిక తక్కువ, బరువు ఎక్కువ. నీళ్లలోంచి మెడను నిటారుగా ఎత్తి నిలబెట్టడం సాధ్యమయ్యేది కాదు. పళ్లు చూడండి: సన్నగా, పొడుగ్గా, పైవాటి సందుల్లో కిందవి ఇరుక్కునేలా ఉంటాయి. జారిపోయే చేపల్ని పట్టడానికి అంతకంటే మంచి నోరు ఉండదు. నమిలే పని లేదు, చేపను అలాగే మింగేసేది.

డైనోసార్‌తో తేడా తెలియాలంటే మన హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియానికి వెళ్లండి. అక్కడున్న కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం మన యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలతో నిలబెట్టింది. దాని కాళ్లు ఒళ్లంతా మోసేలా తిన్నగా కిందికి దిగుతాయి. ఎలాస్మోసారస్‌కు కాళ్లే లేవు, నాలుగూ తెడ్లే. పిల్లలకు ఈ ఒక్క తేడా చూపిస్తే చాలు.

సినిమావాళ్లనే అనడం న్యాయం కాదు. 1868లో దీనికి పేరు పెట్టిన శాస్త్రవేత్త ఎడ్వర్డ్ కోప్ కూడా మెడను తోక అనుకుని, తలను అసలు తోక చివర పెట్టేశాడు.