సర్వర్లలో అక్కరలేనివి ఆపివేయడం గురించి మేనల్లుడికి లేఖ

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

సూర్యారావుపేట ఆసుపత్రిలో కంప్యూటర్ల బాధ్యత నీకు అప్పగించారని మీ అమ్మ ఫోనులో చెప్పింది, చాలా సంతోషం. రెండు సర్వర్లు, రిసెప్షను, బిల్లింగు, ల్యాబు కంప్యూటర్లు, సీసీ కెమెరాల డీవీఆర్, వీటన్నిటికీ పైన ఇంటర్నెట్ రూటరు, ఇవన్నీ ఎవరో ఎప్పుడో బిగించి వెళ్ళినవనీ, వాటిలో ఏవి ఉంచాలో ఏవి ఆపాలో చెప్పమనీ అడిగావు. ఈ పనిలో నేను పట్టుకున్న నియమం ఒకటే. ఒక యంత్రంలో ఏమేమి నడుస్తున్నాయో, వాటిని ఎవరు వాడుతున్నారో తెలుసుకోకుండా దేనినీ ఆపకూడదు. తెలుసుకున్నాక, ఎవరూ వాడనిదాన్ని ఒక్క రోజు కూడా ఉంచకూడదు.

డబ్బా విప్పి కరెంటు పెట్టగానే ఎవరి చేతిలోనైనా పని చేయాలన్నదే తయారీదారు చూసుకునే సంగతి. ప్రింటర్లను వెతికే సర్వీసు, ఫైళ్ళు పంచుకునే సర్వీసు, దూరం నుంచి లాగిన్ అయ్యే సౌకర్యం, అందరికీ తెలిసిన పాస్‌వర్డు, ఇవన్నీ ముందే తెరిచి ఉండేది అందుకే. దాని ఫలితం ఎంత దూరం పోతుందో 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్, అంటే హాని చేసే ప్రోగ్రాము, చూపించింది. అది చేసినదల్లా ఇంటర్నెట్‌లో టెల్‌నెట్ (దూరం నుంచి లాగిన్ అయ్యే పాత పద్ధతి) తెరిచి ఉన్న కెమెరాలను, డీవీఆర్‌లను, రూటర్లను వెతికి, ఫ్యాక్టరీలో పెట్టిన యూజర్‌నేమ్, పాస్‌వర్డు జతలను ఓ అరవై దాకా ఒకదాని తరువాత ఒకటి ప్రయత్నించడమే. అలా చేతికి చిక్కిన పరికరాలతో ఆ ఏడాది అక్టోబరు 21న డైన్ అనే సంస్థ డీఎన్ఎస్ సర్వర్లను (సైటు పేరుకు చిరునామా చెప్పేవాటిని) ముంచెత్తితే, ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటి సైట్లు అమెరికాలో చాలామందికి గంటల తరబడి అందలేదు. కనుక నీ ఆసుపత్రిలో మొదటి పని డీవీఆర్, రూటరు. ఆ రెండింటి పాస్‌వర్డులు మార్చి, రూటరులో యూపీఎన్‌పీ అనే సౌకర్యాన్ని ఆపివేయి. అది ఉన్నంతకాలం డీవీఆర్ ఎవరినీ అడగకుండానే రూటరులో తనకొక దారి తెరిపించుకోగలదు. రూటరు సెట్టింగుల పేజీ బయటి ఇంటర్నెట్ నుంచి తెరుచుకోకుండా ఉన్నదో లేదో కూడా చూడు. ఇంత చేయడానికి అరగంట చాలు.

ఇక సర్వర్లు. లినక్స్ సర్వరులో ఎస్ఎస్ (ss) అనే ఆదేశంతో ఏ పోర్టు (ప్రోగ్రాములు నెట్‌వర్కుతో మాట్లాడే నంబరు తలుపు) మీద ఏ ప్రోగ్రాము వింటున్నదో జాబితా తీసుకో. అందులో ప్రతి వరుసలోనూ చిరునామా చూడాలి. 127.0.0.1 మీద వింటున్నది ఆ యంత్రానికే పరిమితం, 0.0.0.0 అని ఉంటే ఏ దారిన వచ్చినవారికైనా పలుకుతుంది. అలా బయటికి వింటున్న ప్రతిదానికీ ఎదురుగా అది ఏమిటో, ఎవరికోసమో ఒక పుస్తకంలో రాసుకో. ఆసుపత్రిలో ఇది మరీ ముఖ్యం. 104 లేదా 11112 పోర్టు వింటున్నదంటే ఎక్స్‌రే, స్కానింగు యంత్రాలు బొమ్మలు పంపే దారి అదే కావచ్చు. ఇదేమిటో తెలియదని నీవు మూసేస్తే డాక్టరు ముందు తెర ఖాళీగా ఉంటుంది. రక్తపరీక్షల యంత్రం కూడా ఏదో ఒక పోర్టు ద్వారానే ల్యాబు సాఫ్ట్‌వేరుకు ఫలితాలు పంపుతూ ఉంటుంది. ఎవరికోసమో తేలని వరుస ఉంటే ల్యాబు టెక్నీషియన్‌ను, రేడియాలజీ వారిని, సాఫ్ట్‌వేరు అమ్మిన కంపెనీని అడిగి తేల్చుకో.

ఆపడంలోనూ మూడు మెట్లు ఉన్నాయి. లినక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీలో ఒక సర్వీసును స్టాప్ చేస్తే రీబూట్ అయ్యేదాకానే ఆగుతుంది. డిసేబుల్ చేస్తే బూట్ సమయంలో దానంతట అది మొదలుకాదు గాని, మరొక సర్వీసు పిలిస్తే లేస్తుంది. మాస్క్ చేస్తే ఎవరు పిలిచినా లేవదు. ఈ తేడా తెలియక సగం పని చేసి వదిలేసినవాళ్ళను చాలామందిని చూశాను. ఆర్‌పీసీబైండ్ అనే సర్వీసును తీసుకో. నెట్‌వర్కులో ఫైళ్ళు పంచుకునే ఎన్ఎఫ్ఎస్ పాత రూపాలు వాడనివాళ్ళకు దానితో పని లేదు. దాని సర్వీసును ఆపి, మళ్ళీ జాబితా తీస్తే 111వ పోర్టు ఇంకా వింటూనే కనిపిస్తుంది, ఎందుకంటే దాని సాకెట్ యూనిట్ విడిగా ఉంటుంది. ఆ పోర్టును ఎవరైనా తట్టగానే సర్వీసును అదే నిద్ర లేపుతుంది. రెండింటినీ కలిపి ఆపాలి. ప్రింటింగు చేసే కప్స్ విషయం కూడా ఇంతే. అందువల్ల ఏది ఆపినా మళ్ళీ జాబితా తీసి ఆ పోర్టు పోయిందో లేదో చూడు, వీలైన రోజున సర్వరును రీబూట్ చేసి మరొకసారి చూడు.

సర్వరులోకి దూరం నుంచి లాగిన్ అయ్యే దారి అయిన ఎస్ఎస్‌హెచ్‌లో పాస్‌వర్డు లాగిన్ ఆపి, కీలతో (పాస్‌వర్డుకు బదులు వాడే ఫైళ్ళతో) మాత్రమే వచ్చేలా చేయడం తప్పనిసరి అని నా అభిప్రాయం, ఎందుకంటే బయటికి తెరిచిన 22వ పోర్టు మీద పాస్‌వర్డులు ఊహించే ప్రోగ్రాములు పగలూ రాత్రీ ప్రయత్నిస్తూనే ఉంటాయి. అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఎస్ఎస్‌హెచ్‌డీ కాన్ఫిగ్ ఫైలులో ఒకే సెట్టింగు రెండు చోట్ల ఉంటే మొదట చదివినదే చెల్లుతుంది. ఉబుంటులో ఆ ఫైలు మొదట్లోనే మరొక ఫోల్డరులోని చిన్న ఫైళ్ళను కలుపుకునే వరుస ఉంటుంది. అద్దెకు తీసుకున్న క్లౌడ్ సర్వర్లలో ఆ ఫోల్డరులో 50-క్లౌడ్-ఇనిట్ అనే ఫైలు ఒకటి తరచుగా ఉండి, అందులో పాస్‌వర్డు లాగిన్‌కు యెస్ (yes) అని రాసి ఉంటుంది. నీవు ప్రధాన ఫైలులో కింద ఎక్కడో నో (no) అని రాసి, పని అయిపోయిందనుకుంటావు. సర్వరు మాత్రం పాస్‌వర్డు అడుగుతూనే ఉంటుంది. ఫైలులో ఏమి రాశామన్నది కాదు, నిజంగా ఏమి అమలులో ఉన్నదన్నది ముఖ్యం. ఎస్ఎస్‌హెచ్‌డీని పెద్ద టీ (-T) గుర్తుతో నడిపితే అమలులో ఉన్న సెట్టింగులన్నీ చూపిస్తుంది, చిన్న టీతో (-t) నడిపితే తప్పులుంటే చెబుతుంది. రీస్టార్ట్ చేసేముందు ఉన్న లాగిన్‌ను అలాగే ఉంచి, రెండో కిటికీలో కీతో కొత్తగా లాగిన్ అయి చూసిన తరువాతే మొదటిది మూయి. రూట్ (సర్వాధికారాలున్న ఖాతా) పేరుతో నేరుగా లాగిన్ అవడాన్ని కూడా పూర్తిగా ఆపివేయి.

ప్రోగ్రాములను విడివిడి పెట్టెలలా నడిపే డాకర్‌లో నడుస్తున్నవాటిని విడిగా చూడమని ప్రత్యేకంగా చెబుతున్నాను. డాకర్‌లో ఒక పోర్టును మామూలుగా బయటికి తెరిస్తే, అది యూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్‌లో నీవు రాసుకున్న నియమాలను దాటుకొని పోతుంది. ఫైర్‌వాల్ స్థితి చూస్తే అన్నీ మూసినట్టే కనిపిస్తాయి, డేటాబేసు మాత్రం బయటివారికి తెరిచే ఉంటుంది. పోర్టు ముందు 127.0.0.1 అని చేర్చి తెరిస్తే ఆ ప్రమాదం ఉండదు. కనుక పరీక్ష ఎప్పుడూ బయటినుంచే చేయాలి. ఆసుపత్రి వైఫై వదిలి, ఫోనులోని మొబైల్ డేటాకు ల్యాప్‌టాప్ కలుపుకొని, ఆసుపత్రి బయటి చిరునామా మీద, తెరిచి ఉన్న పోర్టులను వెతికే ఎన్‌మ్యాప్ నడిపి చూడు. ఆసుపత్రి యాజమాన్యంతో ముందే ఒక మాట చెప్పి, వారి అనుమతి రాతపూర్వకంగా తీసుకొని చేయి.

విండోస్ వైపు అన్నిటికంటే ముందు చూడవలసినది ఫైళ్ళు పంచుకునే ఎస్ఎంబీ పద్ధతి మొదటి రూపం, అంటే ఎస్ఎంబీవీ1. 2017 మే 12న ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై అనే మాల్‌వేర్ వ్యాపించినది దానిలోని లోపం గుండానే. ఇంగ్లండులో ప్రభుత్వ ఆసుపత్రులు ఎన్నో ఆపరేషన్లను, అపాయింట్‌మెంట్లను వాయిదా వేసుకోవలసి వచ్చింది; మన రాష్ట్రంలోనూ కొన్ని పోలీసు కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14నే సవరణ విడుదల చేసింది. ఆ సవరణ వేసినా, లేక ఆ పాత రూపాన్ని ఆపివేసినా ఆ యంత్రాలు నిలిచేవి. అదే ఏడాది వచ్చిన విండోస్ 10 1709 వెర్షన్ నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేసేటప్పుడు దీన్ని వేయడం మైక్రోసాఫ్టే మానేసింది. పాత యంత్రాలలో మాత్రం ఇది ఇంకా ఉండవచ్చు.

అయినా దీన్ని కూడా చూడకుండా ఆపవద్దు. పాత జిరాక్స్ యంత్రాలు కొన్ని స్కాన్ చేసిన కాగితాన్ని సర్వరు ఫోల్డరులో వేయడానికి ఆ పాత రూపం ఒక్కటే ఎరుగును. సర్వరులో ఎస్ఎంబీ1 ఆడిట్ అనే సెట్టింగు ఉంది. దాన్ని ఆన్ చేసి రెండు వారాలు వదిలేస్తే, ఆ పాత రూపంలో ఎవరు వచ్చినా 3000 నంబరు ఈవెంట్‌గా వారి చిరునామాతో సహా నమోదవుతుంది. నెలాఖరు ఆ రెండు వారాలలో కలిసేలా చూసుకో, ఎందుకంటే ఇన్సూరెన్సు క్లెయిముల కాగితాలు, లెక్కలు ఎక్కువగా కదిలేది అప్పుడే. ఎవరూ రాకపోతే నిశ్చింతగా తీసేయి. జిరాక్స్ యంత్రం ఒక్కటే వచ్చిందని తేలితే, దాని స్కాన్లను మెయిలుకో పెన్‌డ్రైవుకో పంపేలా మార్చి, తరువాత తీసేయి. ఒక పాత యంత్రం కోసం ఆసుపత్రి మొత్తానికి ఆ తలుపు తెరిచి ఉంచమని ఎవరు అడిగినా ఒప్పుకోవద్దు.

ఆటోరన్ (సీడీ, పెన్‌డ్రైవు పెట్టగానే ప్రోగ్రాము దానంతట అదే నడవడం) సంగతి ఆసుపత్రులలో వేరుగా ఆలోచించాలి. 2008 చివర్లో మొదలైన కాన్‌ఫికర్ అనే మాల్‌వేర్ పెన్‌డ్రైవుల ద్వారా కూడా పాకిన తరువాత, 2011 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ పాత విండోస్‌లలో కూడా పెన్‌డ్రైవులకు ఆటోరన్ ఆపే అప్‌డేట్ పంపింది గాని, సీడీలను దానినుంచి మినహాయించింది. నీ దగ్గరికేమో రోగులు వేరే స్కాన్ సెంటర్లలో తీయించుకున్న సీటీ, ఎంఆర్ఐ సీడీలు పట్టుకొని వస్తారు. చాలావాటిలో బొమ్మలు చూపే ప్రోగ్రాము సీడీలోనే ఉంటుంది. విండోస్ యంత్రాలకు నియమాలు పెట్టే గ్రూప్ పాలసీలో అన్ని డ్రైవులకూ ఆటోప్లే ఆపివేయి; అయితే దానికి ముందే డాక్టరుగారి కంప్యూటరులో డైకామ్ (స్కాన్ బొమ్మల ఫార్మాట్) బొమ్మలు చూసే సాఫ్ట్‌వేరు ఒకటి వేసి, ఎలా తెరవాలో ఆయనకు దగ్గరుండి చూపించు. లేకపోతే ఓపీలో పాతికమంది ఎదురుచూస్తుండగా ఆయన నిన్ను పిలిపిస్తారు, ఆ సాయంత్రానికల్లా నీవు ఆపినది మళ్ళీ తెరవవలసి వస్తుంది.

ప్రింటింగు చూసుకునే విండోస్ సర్వీసు ప్రింట్ స్పూలర్‌లో 2021లో బయటపడిన ప్రింట్‌నైట్‌మేర్ లోపం తరువాత, డొమైన్ కంట్రోలరులో (అందరి లాగిన్లూ చూసే సర్వరులో) ఆ సర్వీసును ఆపడం మంచి పద్ధతి. బిల్లింగు సర్వరు ద్వారా ప్రింటర్లు పంచుకుంటున్నారు కనుక అక్కడ మాత్రం ఉండాలి, అప్‌డేట్లతో.

ఇంతసేపూ ఆపమని చెప్పాను. ఆపకూడనివి కూడా చెప్పాలి. సాఫ్ట్‌వేరు పని చేయకపోతే మొదట ఎస్ఈలినక్స్ (లినక్స్‌లోని భద్రతా కాపలా) ఆపండి, ఫైర్‌వాల్ ఆపండి, యాంటీవైరస్ ఆపండి అని సలహా ఇచ్చేవారు నీకు అడుగడుగునా దొరుకుతారు. అవి తీసేస్తే సమస్య కనబడకుండా పోతుందే తప్ప తీరదు. ఎస్ఈలినక్స్ ఏది అడ్డుకున్నదో ఆడిట్ లాగ్‌లో రాసిపెడుతుంది, దాన్ని చూసి ఆ ఒక్కదానికే అనుమతి ఇవ్వాలి. భద్రతా అప్‌డేట్లను ఆపవద్దు. రీస్టార్ట్ ఎప్పుడు జరగాలో మాత్రం ఓపీ లేని సమయానికి నీవు నిర్ణయించు. లాగ్‌లు చోటు తింటున్నాయని తీసేయవద్దు. సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లను 180 రోజులు దాచాలి, దాడి జరిగినట్టు తెలిసిన 6 గంటలలోపు వారికి తెలియజేయాలి. విండోస్‌ను తేలిక చేస్తామంటూ ఒక్క నొక్కుతో వంద సర్వీసులు ఆపే స్క్రిప్టులను ఆసుపత్రి యంత్రాల మీద ఎన్నడూ నడపవద్దు. ఏది ఎందుకు ఆగిందో నీకే తెలియనప్పుడు, ఆరునెలల తరువాత ఏదైనా పని చేయకపోతే ఎక్కడని వెతుకుతావు?

మార్చవలసిన డిఫాల్టులు (ముందే పెట్టి వచ్చే ఏర్పాట్లు) రెండున్నాయి, వీటిని ఎవరూ పట్టించుకోరు. కరెంటు పోయి వచ్చాక ఆగే ఉండాలన్నది చాలా యంత్రాల బయాస్‌లో (యంత్రం లేచేటప్పటి సెట్టింగులలో) ఉండే ఏర్పాటు. బెజవాడ ఎండాకాలంలో అర్ధరాత్రి కరెంటు పోయి యూపీఎస్ కూడా ఖాళీ అయితే, తెల్లవారి నీవు వచ్చేదాకా సర్వరు లేవదు. కరెంటు రాగానే లేచేలా మార్చు. రెండోది గడియారం. కొత్త లినక్స్ సర్వర్లు తరచు యూటీసీలో (మనకంటే ఐదున్నర గంటలు వెనుక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటాయి. రాత్రి 10 గంటలకు జరిగినది లాగ్‌లో సాయంత్రం 4.30 అని పడితే, డీవీఆర్ రికార్డింగుతో పోల్చుకోవడం కష్టం. అన్నీ ఒకే సమయం చూపేలా పెట్టు.

పని చేసే తీరు గురించి ఒక మాట. ఒక రోజు ఒక్కటే ఆపు, ఆ తేదీ, యంత్రం, ముందు ఎలా ఉన్నదో, తిరిగి తెరవాలంటే ఏమి చేయాలో పుస్తకంలో రాయి, మర్నాడు ఓపీ అయ్యేదాకా చూసి తరువాతిదానికి పో. శనివారం సాయంత్రం దేనినీ ఆపవద్దు. విండోస్ పెద్ద అప్‌డేట్ల తరువాత పాత సెట్టింగులు తిరిగి వచ్చాయేమో ఆ పుస్తకం దగ్గర పెట్టుకొని సరిచూడు. సాఫ్ట్‌వేరు కంపెనీవారు ఎప్పుడైనా లోపలికి రావడానికి దూరం నుంచి కంప్యూటరు నడిపే ఎనీడెస్క్‌లో పాస్‌వర్డు పెట్టి వదిలేసి ఉంటే అది తీసేసి, అవసరమైనప్పుడు నీవు చూస్తుండగా మాత్రమే రానివ్వు. వారు మొదట నొచ్చుకుంటారు. మర్యాదగానే చెప్పు, గాని సడలించవద్దు.

ముందుగా రెండు సర్వర్ల పోర్టుల జాబితా, ఎదురుగా నీవు తెలుసుకున్న వివరాలతో, పాస్‌వర్డులు, బయటి చిరునామాలు లేకుండా నాకు పంపు. ఆదివారం ఉదయం ఫోనులో వరుసవరుసగా చూద్దాం.

ఇట్లు,
నీ మేనమామ