4 జీబీ పెళ్లి వీడియో సగంలో ఆగిపోకుండా అప్‌లోడ్ చేయించడం ఎలా?

శ్రీకాకుళంలో ఫొటో స్టూడియోల కోసం సైట్ చేస్తున్నామని, సర్వర్‌లో ఫైల్ సైజు లిమిట్ పెంచినా 4 జీబీ వీడియోలు సగంలో ఆగిపోతున్నాయని రాశారు. నేను విజయనగరంలో ఇదే పని చూస్తుంటానండి. బొబ్బిలి, రాజాం, చీపురుపల్లి ఫొటోగ్రాఫర్లు వీడియోలు మా సైట్‌లోకి ఎక్కిస్తే ఎడిటర్లు దించుకుంటారు. లిమిట్ పెంచడం దీనికి మందు కాదు.

అలాగని లిమిట్లు వదిలేయమని కాదు. వెబ్ సర్వర్ ఎన్‌జినిఎక్స్ (nginx) మామూలుగా 1 ఎంబీ దాటగానే 413 ఎర్రర్ (ఫైల్ మరీ పెద్దదని) ఇస్తుంది, సైట్ కోడ్ పీహెచ్‌పీలో ఉంటే దాని లిమిట్ ఫైల్‌కి 2 ఎంబీ. కానీ వాటిని ఎంత పెంచినా లైను మారదు కదా. అప్‌లోడ్ స్పీడ్ 5 ఎంబీపీఎస్ నిలకడగా వచ్చినా 4 జీబీకి దాదాపు గంటా ముప్పావు పడుతుంది. అంతసేపు కరెంటు పోదని, హాట్‌స్పాట్ తెగదని నమ్ముకుని సైట్ కట్టలేం.

ఫైల్‌ని బ్రౌజర్‌లోనే ముక్కలు చేసి, ఆ ముక్కల్ని నేరుగా స్టోరేజ్‌కి పంపండి. మేం అమెజాన్ క్లౌడ్ స్టోరేజ్ ఎస్3లో మల్టీపార్ట్ (ముక్కలుగా తీసుకుని చివర్లో కలిపే పద్ధతి) వాడుతున్నాం. మా సర్వర్ ఒక్కో ముక్కకి గడువున్న లింక్ ఇస్తుంది, అంతే. వీడియో దాని గుండా వెళ్లదు. చివరిది తప్ప ఏ ముక్కా 5 ఎంబీకి తగ్గకూడదు, మొత్తం 10,000 ముక్కలు దాటకూడదు. మాకు 8 ఎంబీ కుదిరింది. లైను తెగితే మళ్లీ పంపాల్సింది అప్పుడు దారిలో ఉన్న ముక్కలే. ఒకేసారి ఆరేడు ముక్కలు పంపాలని ఆశపడకండి, బలహీనమైన లైను మీద అన్నీ కలిసి టైమౌట్ అవుతాయి. రెండు చాలు. సొంత సర్వర్‌లోనే దాచుకోవాలంటే టస్ (tus) ప్రోటోకాల్ చూడండి, అది ఆగిన చోటునుంచి అప్‌లోడ్ కొనసాగించే పద్ధతి, ఎంతవరకు చేరిందో సర్వరే చెబుతుంది.

అసలు కష్టం ట్యాబ్ మూసేసినప్పుడు వస్తుంది. బ్రౌజర్ మామూలుగా ఆ ఫైల్‌ని తనంతట తాను మళ్లీ తెరవలేదు, మనిషే ఇంకోసారి ఎంచుకోవాలి. పేరు, సైజు, చివరిగా మార్చిన సమయం కలిస్తే పాత అప్‌లోడ్ అనుకుని, ఏ ముక్కలు చేరాయో స్టోరేజ్‌ని అడిగి మిగతావి పంపండి. ఎంతవరకు చేరిందో స్క్రీన్ మీద తెలుగులో కనిపించాలి. మా సైట్‌లో ఇలా ఉంటుంది: "నెట్ పోయింది. 61% భద్రంగా ఉంది. నెట్ రాగానే మిగతాది వెళ్తుంది." ముహూర్తాల సీజన్లో రాత్రి పదింటికి షాపులో కూర్చున్న కుర్రాడికి ఆ రెండో వాక్యం చదివితేనే టెన్షన్ తగ్గుతుంది. ఆ శాతం కూడా స్టోరేజ్‌కి నిజంగా చేరిన ముక్కల లెక్కే అవ్వాలి, బ్రౌజర్ పంపానన్న బైట్ల లెక్క కాకూడదు.

ముక్కలన్నీ వెళ్లాక చివర్లో ఫెయిలవుతుంటే ముందు స్టోరేజ్‌లో కోర్స్ (CORS) సెట్టింగ్ చూడండి, వేరే సైట్‌లోంచి వచ్చే బ్రౌజర్‌ని ఏమేం చేయనివ్వాలో చెప్పేది అదే. అందులో ఈట్యాగ్ (ETag) హెడర్‌ని, అంటే ఒక్కో ముక్క చేరాక స్టోరేజ్ ఇచ్చే గుర్తుని, బయటపెట్టకపోతే బ్రౌజర్ దాన్ని చదవలేదు, ముక్కల్ని కలపమని అడగడానికి అది కావాలి. మధ్యలో వదిలేసిన అప్‌లోడ్ల ముక్కలు బకెట్‌లో (ఎస్3లో ఫైళ్లు దాచే చోటు) కనిపించకుండా ఉండిపోయి బిల్లు పెంచుతాయి. వారం దాటినవి వాటంతటవే తొలగిపోయేలా లైఫ్‌సైకిల్ రూల్ పెట్టండి.

ఆఫీసు ఫైబర్ మీద పరీక్షిస్తే ఇవేవీ బయటపడవు. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని, సగంలో డేటా ఆపి చూడండి.