రాత్రి అన్నం మానకు, చెల్లీ

చెల్లికి అక్క ఆశీస్సులు.

రాత్రి భోజనం మానేశానని, రెండు నెలల్లో అయిదు కిలోలు తగ్గానని నిన్న ఫోన్లో సంబరంగా చెప్పావు. పక్కన మరిదిగారు ఉన్నారని అప్పుడేమీ అనలేదు గానీ, రాత్రంతా నాకు నిద్ర లేదు. ఎముకల గట్టిదనం చూసే డెక్సా స్కాన్‌లో నీ టీ-స్కోరు మైనస్ 2.7 వచ్చింది కదా! మైనస్ 2.5కి దిగిందంటేనే ఎముకలు గుల్లబారినట్టు. ఇలాంటప్పుడు కడుపు మాడ్చుకుంటే కరిగేది కొవ్వొక్కటే కాదే, దానితోపాటు కండా పోతుంది, ఎముకా పోతుంది.

నేను చేసిన పొరపాటే నువ్వూ చేస్తున్నావు. అరవై దాటాక మోకాళ్ల నొప్పులని ఒక డైట్ సెంటర్‌లో చేరాను కదా. పొద్దున జ్యూసు, రాత్రి సూపు. ఆరు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గితే చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. ఆ ఏడే బాత్రూమ్ గడప దగ్గర జారి, పడిపోకుండా చెయ్యి ఆనించాను. మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. జడ వేసుకోలేను, కుచ్చిళ్లు పెట్టుకోలేను. మీ బావ చారన్నం కలిపి ఇస్తే ఎడమచేత్తో స్పూను పట్టుకుని తినేదాన్ని. ఎముక అతుక్కుంది గానీ పడతానేమోనన్న భయం ఏడాది దాకా వదల్లేదు. ఆ భయంతో గుమ్మం దిగడం మానేస్తే కాళ్లు ఇంకా పట్టు తప్పాయి. చెయ్యి విరిగిన నొప్పి కంటే ఆ ఏడాదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

అలాగని లావుగా ఉంటే ఎముకలు భద్రం అనుకోకు. నెలసరి ఆగిపోయాక ఒంట్లో కొవ్వు ఎముకల్ని కాపాడే ఈస్ట్రోజన్ హార్మోన్ని కొంచెం తయారుచేస్తుంది, మరీ బక్కపల్చగా ఉన్నవాళ్లకే తుంటి విరిగే భయం ఎక్కువ. అంతవరకూ నిజమే. కానీ ఒళ్లు బాగా ఎక్కువైతే చీలమండ, భుజం దగ్గరి ఎముక విరిగేవాళ్లూ ఎక్కువే, పైగా మోకాళ్లు మొరాయిస్తాయి. అలాంటివాళ్లు తగ్గాలి, అదీ డాక్టరుకి చెప్పి, నెమ్మదిగా, తిండిలో పప్పూ గుడ్డూ తగ్గకుండా. నీకా అవసరం లేదు. అయిదడుగుల ఒక అంగుళం మనిషివి, ఇప్పుడు 53 కిలోలు. ఇక చాలు.

మన వయసులో రోజుకి 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. వంద గ్రాముల చోళ్లలో, అదే రాగుల్లో, 350 దాకా ఉంటుంది. అమ్మ మనకి పొద్దున్నే పోసిన చోడి అంబలి మళ్లీ మొదలుపెట్టు, మజ్జిగ కలుపుకుని తాగు. పూర్ణా మార్కెట్ వైపు వెళ్తే ఎండు నెత్తళ్లు తెచ్చుకో, ముల్లుతో సహా నమిలి తినేవే కదా. రాత్రికి అన్నం కొంచెమే తిను, కానీ పప్పు, గుడ్డు, పెరుగు ఉండాలి.

ఇంకో పని. గోడకి ఆనించి ఒక కుర్చీ వెయ్యి. చేతులు గుండెల మీద కట్టుకుని, దేన్నీ పట్టుకోకుండా లేచి నించో, నెమ్మదిగా కూర్చో. మొదట్లో నాకు నాలుగుసార్లకే తొడలు వణికేవి, ఇప్పుడు పన్నెండు చేస్తున్నాను. రోజూ బరువు చూసుకునే బదులు ఈ లెక్క రాసుకో. నడక మంచిదే, ఒక్కటే చాలదు. ఏదో వీడియోలో చూసి నడుం వంచి కాలివేళ్లు పట్టుకుంటున్నావట, అది మాత్రం ఇవాళే ఆపు. గుల్లబారిన వెన్నుపూస అలా వంగితే నొక్కుకుపోవచ్చు.

ఎముకల కోసం వారానికోసారి వేసుకునే మాత్ర పరగడుపున, నిండు గ్లాసు మంచినీళ్లతో. తర్వాత అరగంట పడుకోకు, కాఫీ కూడా తాగకు.

సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లూ ఒకప్పుడు ఇద్దరం నడిచాం, గుర్తుందా? ఇప్పుడు అంతా నా వల్ల కాదు. కిందటి ఆషాఢంలో మీ బావ చెయ్యి పట్టుకుని ఆ దారిలో అప్పూఘర్ నుంచి ఇసుకతోట దాకా నడిచాను. మా వీధి దగ్గరికి రాగానే కళ్లనీళ్లు వచ్చాయి. ఈసారి గాజువాక నుంచి ముందురోజే వచ్చెయ్, స్కాన్ కాగితాలు కూడా పట్టుకురా. ఆ ముక్కంతా కలిసి నడుద్దాం.

ఈ రాత్రి ఏం తిన్నావో పడుకునే ముందు ఫోన్ చేసి చెప్పు.

మీ అక్క,
ఎం.వి.పి. కాలనీ